ఇంట్లో చేసిన కేకే కదా!

ఆవిడ తన షుగర్ రిపోర్టు చూపించుకోవడానికి ఓపీకి వచ్చారు. వెంట 14 ఏళ్ల కొడుకు. వయసుకు మించిన బరువుతో ఉన్నాడు. నేను మందుల చీటీ రాస్తుంటే ఆవిడే అడిగారు. ‘‘మేడమ్, వీడి మెడ ఒకసారి చూడండి. సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా ఆ నలుపు పోవడం లేదు.’’

అది మురికి కాదు. పిల్లల మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా తయారై నల్లబడుతోందంటే, ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. ఆ మాటే చెప్పి, బాబు ఏమేం తింటాడని అడిగాను.

‘‘బయటివి ఒక్కటీ పెట్టను మేడమ్. ఆదివారం కేక్ కూడా నేనే చేస్తాను. మైదా ముట్టను, గోధుమపిండే. పంచదార వేయను, బెల్లమే. ఇప్పుడు సీజన్ కదా, స్ట్రాబెర్రీలు కూడా వేస్తున్నాను’’ అన్నారు. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. ఉండాల్సిందే. వారమంతా చాకిరీ చేసి, ఆదివారం కూడా పిల్లల కోసం పొయ్యి దగ్గర నిలబడే తల్లికి ఆ మాత్రం గర్వం లేకపోతే ఎలా?

‘‘బెల్లం ఎంత వేస్తారమ్మా?’’

‘‘కప్పున్నర.’’

‘‘ముక్కలెన్ని కోస్తారు?’’

‘‘ఎనిమిది. సాయంత్రం వీడు రెండు తింటాడు. మర్నాడు బాక్సులో ఒకటి పెడతాను.’’

పాత చీటీ వెనక లెక్క వేసి చూపించాను. కప్పున్నర తురిమిన బెల్లం అంటే దాదాపు 300 గ్రాములు. ఎనిమిది ముక్కలకు పంచితే ముక్కకు 37 గ్రాముల పైమాటే. రెండు ముక్కలకు 75 గ్రాములు. పళ్ల రూపంలో కాకుండా మనం విడిగా కలుపుకొనే తీపి రోజు మొత్తం తిండిలో 10 శాతం కేలరీలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2,000 కిలో కేలరీలు తినేవారికి అది 50 గ్రాములు. సగానికి తగ్గిస్తే, అంటే 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మరీ మంచిదని కూడా చెప్పింది. పెద్దవాళ్లకు చెప్పిన ఆ గరిష్ఠ హద్దును ఈ అబ్బాయి ఒక్క ఆదివారం సాయంత్రమే దాటేస్తున్నాడు. అదీ ‘బయటివి ఒక్కటీ పెట్టని’ ఇంట్లో.

ఆవిడ ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయారు. ‘‘ఇంట్లో చేసిందే కదా మేడమ్’’ అన్నారు చివరికి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

పేరు మారినంత మాత్రాన...

ఇంటి వంట మీద మన నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఏ నూనె వాడామో, చేతులు కడుక్కున్నామో లేదో మనకు తెలుసు. వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే పని ఉండదు. అంతవరకు ఆ నమ్మకం నిజమే. అయితే ‘ఇంట్లో చేసింది’ అనే మాట మెల్లగా ‘ఎంత తిన్నా ఏమీ కాదు’ అనే అర్థంలోకి జారిపోయింది. చిక్కంతా అక్కడే. క్లోమానికి వంటవాడెవరో తెలియదు. బేకరీ నుంచి వచ్చినా, అమ్మ చేతి నుంచి వచ్చినా 75 గ్రాముల తీపి 75 గ్రాములే.

బెల్లం సంగతి తీసుకోండి. అందులో కాస్త ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్న మాట వాస్తవమే. కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. రక్తంలో గ్లూకోజును పెంచే విషయంలో రెండూ దొందూ దొందే. తేనె, ఖర్జూరం పాకం కూడా ఆ జాబితాలోనివే. ‘బెల్లమే కదా’ అని పంచదార కంటే ఎక్కువ వేసే ఇళ్లను చాలా చూశాను. గుడ్డు లేని కేకుల్లో డబ్బా పాలు, అదే కండెన్స్‌డ్ మిల్క్, పోస్తారు. అందులో దాదాపు సగం చక్కెరే. దానిమీద మళ్లీ పంచదార కప్పు.

గోధుమపిండి కాస్త నయం. మైదాలో కంటే పీచు చాలా ఎక్కువ. అయినా కప్పు తీపి పోశాక ఆ పీచు ఒక్కటే మనల్ని కాపాడలేదు.

ఇక స్ట్రాబెర్రీ. 100 గ్రాముల పండులో 30 కిలో కేలరీలకు కాస్త పైన, సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్-సి ఉంటాయి. మంచి పండే. కానీ ఓవెన్ వేడికి విటమిన్-సిలో కొంత పోతుంది. విటమిన్-సి కోసమే అయితే మన జామకాయలో దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. ధర చూస్తే జామకాయే చవక. కాబట్టి స్ట్రాబెర్రీని ఆరోగ్యం పేరు చెప్పి కొనొద్దు. రుచి నచ్చితే కొనండి, పిల్లలు మురిసిపోతారని కొనండి. ఆ కారణం చాలు. నాలుగు ఎర్రటి ముక్కలు పైన పేర్చితే కేక్ అందంగా ఉంటుందే తప్ప పళ్ల పళ్లెం అయిపోదు.

రంగుకు భయపడతాం, తీపికి భయపడం

బేకరీ కేక్ మీద మనకున్న భయాల్లో మొదటిది రంగు. 2024లో కర్ణాటక ఆహార భద్రతా విభాగం బెంగళూరు బేకరీల కేకులను పరీక్షిస్తే, 235 నమూనాల్లో 12 చోట్ల కృత్రిమ రంగులు సురక్షితం కాని స్థాయిలో కనిపించాయి. ఆ వార్త చదివాక ఎంతోమంది నన్ను ‘‘కేక్ తింటే క్యాన్సరా?’’ అని అడిగారు. నిఘా ఉండాల్సిందే, తప్పు చేసిన వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ మిగతా 223 నమూనాల సంగతి ఎవరూ అడగలేదు. ఆ రంగు పరీక్షలో నెగ్గిన కేకుల్లో కూడా చక్కెర ఉంటుంది. దాని గురించి వార్త రాదు.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని తేల్చింది. మా ఓపీ ముందు పొద్దున్నే కట్టే వరుసలో నిలబడేది వీళ్లే. వీళ్లను ఈ స్థితికి తెచ్చింది ఒక్క చక్కెరే అనను. పొట్ట, వంశం, నడక లేకపోవడం, పళ్లెం నిండా అన్నం, సరిపడా నిద్ర లేకపోవడం... అన్నీ ఉన్నాయి. వాటిలో మన చేతిలో ఉన్నవాటిని కూడా గమనించకుండా వదిలేస్తున్నామన్నదే నా బాధ.

మరి కేక్ మానేయాలా?

అక్కర్లేదు. చెప్పాలంటే, కేక్ తినే ఇళ్లలో దాన్ని ఇంట్లో చేసుకోవడమే మంచిదంటాను. కారణం మాత్రం మీరనుకునేది కాదు. ఇంటి కేక్‌లో ఉన్న అసలు లాభం ఒక్కటే. అందులో పడే చక్కెర మన చేతిమీదుగా వెళుతుంది. కంటికి కనిపిస్తుంది. బిస్కట్‌లో, కూల్‌డ్రింకులో, బేకరీ క్రీములో దాక్కున్న తీపి కనిపించదు. కనిపించే దాన్ని తగ్గించగలం. కొలవకుండా ‘అందాజుగా’ పోశామంటే ఆ లాభం కూడా పోయినట్టే.

అందుకే ఓవెన్ కంటే ముందు వంటింటి త్రాసు కొనమంటాను. కప్పులు, గ్లాసులు నమ్మకండి. ఒకరి ఇంట్లో గ్లాసంటే టీ గ్లాసు, ఇంకొకరి ఇంట్లో మజ్జిగ గ్లాసు. గ్రాములు అందరికీ ఒక్కటే.

నేను ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. గొప్ప వంటకమేమీ కాదు, మొదటిసారి చేసేవారికీ కుదురుతుంది.

కావాల్సినవి: మైదా 150 గ్రాములు (ఇష్టమైతే సగం మైదా, సగం గోధుమపిండి), పంచదార 90 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె 75 మిల్లీలీటర్లు, గుడ్లు 2, పాలు 100 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, అర టీస్పూను వెనిలా ఎసెన్స్, తాజా స్ట్రాబెర్రీలు 300 గ్రాములు.

స్ట్రాబెర్రీలను తొడిమలతోనే పంపు నీటి కింద బాగా కడగాలి. తొడిమ ముందే తీసేస్తే పండు నీళ్లు పీల్చుకుంటుంది. కడిగాక శుభ్రమైన గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వాలి. సగం పళ్లను చిన్న ముక్కలుగా కోసి, చెంచాడు మైదాలో దొర్లించి పక్కన పెట్టాలి. తడి ముక్కలు వేస్తే కేక్ అడుగున చేరి ముద్దవుతుంది.

గుడ్లు, పంచదార కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. నూనె, పాలు, ఎసెన్స్ పోసి కలపాలి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి, రెండు మూడు విడతలుగా వేస్తూ పొడి కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపాలి. ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది. నూనె రాసిన 8 అంగుళాల గిన్నెలో పోసి, పైన స్ట్రాబెర్రీ ముక్కలు చల్లి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నుంచి 35 నిమిషాలు ఉంచాలి. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

ఓవెన్ లేకపోతే మనకు తెలిసిన కుక్కర్ పద్ధతి ఉండనే ఉంది. రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి, సన్నని సెగ మీద 40, 45 నిమిషాలు ఉంచాలి. గుడ్లు తినని ఇళ్లలో రెండు గుడ్లకు బదులు అర కప్పు గట్టి పెరుగు, పావు టీస్పూను వంట సోడా వేసుకోవచ్చు. డబ్బా పాలు మాత్రం వద్దు.

పిండి గిన్నె నాకడం పిల్లలకు సరదా. అందులో పచ్చి గుడ్డు ఉంటుంది కాబట్టి వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు. పచ్చి పిండి కూడా క్షేమం కాదు. ఆ సరదా ఒక్కటి మాన్పించండి.

మిగిలిన సగం స్ట్రాబెర్రీలను ఉడికించకుండా, కోసి ముక్క పక్కన పెట్టి ఇవ్వండి. విటమిన్-సి పోదు, పళ్లెం నిండుగా కనిపిస్తుంది, రెండో ముక్క అడగడం తగ్గుతుంది. క్రీము పూత అక్కర్లేదు. పళ్లు వేసిన కేక్ తడిగా ఉంటుంది కాబట్టి బయట ఒక్క పూటకు మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించాలి.

పంచదార ఇంకా తగ్గించొచ్చా అని అడుగుతారు. మామూలుగా ఈ కొలతకు 150 గ్రాములు వేసేవాళ్లూ ఉన్నారు. కేక్‌లో చక్కెర పని తీపి ఒక్కటే కాదు. తేమను పట్టి ఉంచుతుంది, మెత్తదనం ఇస్తుంది, పైన ఎర్రగా కాలేలా చేస్తుంది. అందుకే మూడో వంతు దాకా తగ్గించినా కేక్ బాగానే వస్తుంది. బాగా తగ్గించేస్తే పిడచకట్టుకుపోతుంది. అప్పుడు ఎవరూ తినరు, మర్నాడు బేకరీకి పరిగెడతారు. 90 గ్రాములు నేను కుదుర్చుకున్న మధ్యేమార్గం.

ఈ కేకును పది ముక్కలు కోయండి. ముక్కకు 9 గ్రాముల పంచదార, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు. కేలరీలు 175 దాకా. ఇంచుమించు రెండు పుల్కాలతో సమానం. ఆ అమ్మ చేసిన ముక్కలో తీపి దీనికి నాలుగు రెట్లు. రెండూ ఇంట్లో చేసినవే! తేడా కొలతలో ఉంది.

ఫ్రిజ్ తలుపు చప్పుడు

మరో వైపు కూడా చెప్పాలి. ఒక తెల్లవారుజామున 68 ఏళ్ల పెద్దాయనను స్పృహ సరిగా లేని స్థితిలో క్యాజువాల్టీకి తెచ్చారు. ఒళ్లంతా చెమటలు. వేలు గుచ్చి చూస్తే గ్లూకోజు బాగా పడిపోయి ఉంది. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు. మెల్లగా విషయం చెప్పారు. ముందు రోజు మనవడి పుట్టినరోజు. అందరికీ కేక్ పంచారు, ఆయనకు మాత్రం పెట్టలేదు. ఇంట్లోవాళ్ల ఉద్దేశం మంచిదే. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తీసి రెండు ముక్కలు తిన్నారు. తిన్నాక భయమేసింది. షుగర్ మాత్ర ఒకటికి రెండు వేసుకున్నారు, అన్నం మానేశారు.

‘‘ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తీయడం నేర్చుకున్నానమ్మా ఈ వయసులో’’ అన్నారాయన. నవ్వుతూనే అన్నారు కానీ, పక్కనున్న కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన ప్రాణం మీదికి తెచ్చింది కేక్ కంటే ఆ దొంగచాటు, ఆ రెండో మాత్ర. మాత్ర మోతాదు పెంచడం, తగ్గించడం సొంతంగా చేసే పని కాదు. షుగర్ అదుపులో ఉన్నవాళ్లు పండగనాడు పైన చెప్పిన కేక్ ఒక చిన్న ముక్క, అదీ మధ్యాహ్నం భోజనం కాగానే, ఆ మేరకు అన్నం తగ్గించుకుని తినొచ్చు. ఖాళీ కడుపున వద్దు, పడుకునే ముందు వద్దు. తిన్నాక కాసేపు నడిస్తే మేలు. షుగర్ అదుపులో లేనివాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం తమ డాక్టరును అడిగాకే తినాలి. ఇంట్లోవాళ్లకు నా మనవి ఒక్కటే... పెద్దవాళ్లను అందరి ముందు వెలివేసినట్టు కూర్చోబెట్టకండి. ఎదురుగా ఒక ముక్క తిననిస్తే దొంగచాటుగా రెండు తినాల్సిన అవసరం రాదు.

పండగకు పండగ విలువ

మన పెద్దవాళ్లు తీపి తినలేదా? తిన్నారు. అరిసెలు సంక్రాంతికి, బొబ్బట్లు ఉగాదికి, పరమాన్నం పూజకు. తీపికి ఒక రోజుండేది. ఆ రోజు కోసం ఎదురుచూపు ఉండేది. ఇప్పుడు ప్రతి ఆదివారం పండగే, ప్రతి సాయంత్రం చిరుతిండే. కేక్‌కు కూడా ఒక రోజు కేటాయించండి. పుట్టినరోజో, పరీక్షలు అయిపోయిన రోజో, నెలకొకసారో.

స్ట్రాబెర్రీకి ప్రకృతే ఒక గడువు పెట్టింది. మహాబలేశ్వర్, పంచగని కొండల నుంచి, మన దగ్గర లంబసింగి చలి నుంచి ఆ పండు వచ్చేది చలికాలం మొదలు ఎండలు ముదిరేలోపు. ఆ మూడు నాలుగు నెలల్లో రెండు మూడుసార్లు చేసుకుంటే అది గుర్తుండే సంగతి అవుతుంది. ఏడాది పొడవునా స్ట్రాబెర్రీ రుచి కావాలంటేనే రంగు, ఎసెన్స్, తీపి పాకంలో నానిన పళ్లు వంటింట్లోకి వస్తాయి.

ఇంకో మాట. త్రాసు పిల్లల చేతికివ్వండి. 90 గ్రాముల పంచదార పళ్లెంలో ఎంత కుప్ప అవుతుందో వాళ్లనే చూడనివ్వండి. మేం ఓపీలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాల్లో చెప్పలేనిది ఆ కుప్ప చెబుతుంది.

ఆ తల్లీకొడుకులు మొన్న మళ్లీ వచ్చారు. మూడు నెలలైంది. కేక్ ఇప్పుడు నెలకొకసారేనట. తూచే బాధ్యత అబ్బాయిదే. ‘‘ముందు మేం ఎంత బెల్లం వేసేవాళ్లమో త్రాసు మీద పోసి చూశాడు మేడమ్. వాడే భయపడ్డాడు’’ అన్నారు ఆవిడ. సాయంత్రం కూల్‌డ్రింకు మానేసి, స్నేహితులతో ఆటకు వెళుతున్నాడు. బరువు రెండు కిలోలు తగ్గాడు.

మెడ మీద నలుపు ఇంకా ఉంది. ఒక్క కేక్ తగ్గించినంత మాత్రాన, మూడు నెలల్లో పోయేది కాదది. టైమ్ పడుతుందని చెప్పాను. సున్నిపిండి పెట్టి రుద్దడం మాత్రం ఆపమన్నాను.